రసీదు, ఫిర్యాదు, వాపసు

తెలుగువారి బజారు వ్యవహారములో పారసీక, అరబ్బీ పదములు ఎంతగా కలిసిపోయినవో భాషా విద్యార్థులకు చెప్పనవసరము లేదు. సి.పి. బ్రౌన్ దొర 1854లో ఇటువంటి మిశ్రపదముల కొరకు ప్రత్యేకముగా ఒక నిఘంటువునే వెలువరించినాడు. ఇట్టి పదములలో ‘రసీదు’ మాకు మిక్కిలి ఇష్టమైనది. పారసీకములో ‘రసీదన్’ అనగా చేరుట. ‘రసీద్’ అనగా ‘చేరినది’ అని. ఒక పూర్తి వాక్యమే ఒక కాగితపు ముక్కకు పేరైనదన్న మాట. సొమ్ము చేరినది, సరుకు చేరినది, ఇక పేచీ లేదు అని చెప్పుటకే రసీదు ఏర్పడినది. అయితే చేరని సరుకును గూర్చి ‘చేరినది’ అని ఎవరో వ్రాసిపెట్టినప్పుడు మనము ఏమి చేయవలెను? గడచిన విద్యాసంవత్సరములో మా కళాశాలలో జరిగిన ఒక ఉదంతము ఈ ప్రశ్నను మా ముందు నిలిపినది. విద్యార్థులకు ఉపయోగపడునని దానిని ఇక్కడ కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మా తరగతి విద్యార్థులు ఇరువది ఏడుగురు తలా రూ.180 చొప్పున వేసుకొని, పోటీ పరీక్షల పుస్తకములు, వ్యాకరణ గ్రంథములు కలిపి పదకొండింటిని ఆన్‌లైన్‌లో తెప్పించుకొనవలెనని సంకల్పించినారు. మొత్తము రూ.4,860. ఆ సొమ్ములో కొందరి కాలేజీ బస్సు చార్జీలు, ఒక విద్యార్థిని తల్లిగారి కుట్టుపని డబ్బులు కూడ ఉన్నవని మాకు తెలియును. ఆర్డరు మా సెల్‌ఫోన్ నుండే పెట్టినాము. ఐదవ నాడు, శుక్రవారము మధ్యాహ్నము 1 గంట 25 నిమిషములకు ‘మీ పార్సెల్ అందజేయబడినది’ అని సందేశము వచ్చినది. మేము జుమా నమాజు ముగించుకొని వచ్చి ఫోను తెరచి చూచినాము. గేటు వద్ద పార్సెల్ లేదు. అటెండరు చాచాను అడిగినాము. “రాలేదు సార్” అన్నారు.

మరునాడు వివరములు చూడగా ‘పుచ్చుకొన్నవారు: కాపలాదారు’ అని ఉన్నది. మా కళాశాలకు వేరే కాపలాదారు లేడు. ఆ పనియూ చాచాదే. ఆయన పదకొండేండ్లుగా మా వద్ద పని చేయుచున్నారు. ఎవరును ఆయన ముఖము ఎదుట ఏమియు అనలేదు. కాని సోమవారము నాటికి ఆయన టీ తీసికొని గదిలోనికి వచ్చినప్పుడు మాటలు ఆగిపోవుట మేము గమనించినాము. ఆయనయూ గమనించియే ఉందురు. నాలుగు వేల ఎనిమిది వందల అరువది రూపాయల మాట అటుంచి, మాకు నిద్ర పట్టకుండ చేసినది ఈ మౌనమే.

విక్రేతకు ఫోను చేసితిమి. “సరుకు ఇచ్చివేసినాము, కొరియరు వారిని అడగండి” అన్నారు. కొరియరు వారు “మాకు పని అప్పగించినది విక్రేత, వారినే అడగండి” అన్నారు. శారదానది ఈ ఒడ్డువాడు ఆ ఒడ్డును, ఆ ఒడ్డువాడు ఈ ఒడ్డును చూపినట్లయినది. ఈలోగా మా విద్యార్థి ఒకడు ఉత్సాహము పట్టలేక, ఇంటర్నెట్‌లో ఎక్కడో కనిపించిన ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోను చేసినాడు. అవతలి కంఠము ఎంతో మర్యాదగా, ఫోనులో ఒక యాప్ దించుకొని ఐదు రూపాయలు పంపినచో మొత్తము సొమ్ము తిరిగి వచ్చునని చెప్పినది! అదృష్టవశాత్తు అతడు మమ్ము అడిగి చేయుదునని ఆగినాడు. నంబరును ఆర్డరు పెట్టిన యాప్‌లోనుండియే తీసికొనవలెను గాని వెదకి పట్టుకొనరాదు, ఓ.టి.పి. ఎవరికిని చెప్పరాదు, మోసపోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను.

ఇక అసలు విషయము: బాధ్యత ఎవరిది? 1930 నాటి సరుకుల విక్రయ చట్టము 39వ సెక్షను చదివినప్పుడు మొదట మాకు గుండె జారినది. కొనుగోలుదారునకు చేర్చుటకై విక్రేత సరుకును రవాణాదారుని చేతిలో పెట్టినచో, అది కొనుగోలుదారునకు అప్పగించినట్లే పైకి భావింపబడునని అందులో ఉన్నది. కాని ‘పైకి’ అన్న మాటను వదలి చదువరాదు. విక్రేత రవాణాదారునితో తగిన విధముగా ఒప్పందము చేసికొననియెడల, దారిలో సరుకు పోయినచో, దానిని అప్పగింతగా అంగీకరింపకుండుటకు కొనుగోలుదారునకు హక్కు ఉన్నదని ఆ సెక్షనే చెప్పుచున్నది. అదిగాక, ఆ చట్టము వర్తకులు తమలో తాము బేరమాడుకొను కాలమునాటిది. నేడు మన వంటి వారికి రక్షణ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. దాని క్రింద 2020 జూలైలో వెలువడిన ఇ-కామర్స్ నియమముల ప్రకారము ప్రతి ఆన్‌లైన్ వ్యాపార సంస్థయు ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, అతని పేరును ప్రకటింపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను. అందిన నెల రోజులలో పరిష్కరింపవలెను. పలువురు విక్రేతల సరుకు అమ్మిపెట్టు వేదిక అయినచో ప్రతి ఫిర్యాదుకు ఒక సంఖ్య ఇవ్వవలెను, ఆ సంఖ్యతో మనము దాని గతిని తెలిసికొనవచ్చును. మనము సొమ్ము చెల్లించినది కొరియరుకు కాదు. కొరియరును ఎన్నుకొన్నదియు మనము కాదు. కనుక మన ప్రశ్న మొదట అమ్మినవారికే.

పూర్వము ఈ తగవు వేరు విధముగా ఉండెడిది. మన దేశములో తపాలా శాఖ వారు 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టినారు. పుస్తకము ఇంటికి వచ్చిన పిదపనే పోస్టుమాను చేతిలో డబ్బు పెట్టుట. సరుకు, సొమ్ము, రసీదు మూడును ఒకే గడప వద్ద చేతులు మారెడివి. పైగా ఆ పోస్టుమానుకు ఊరిలో ప్రతి ఇంటిపేరు తెలియును. అయినను 1898 నాటి పోస్టాఫీసు చట్టము, ఉద్యోగి మోసముగా గాని బుద్ధిపూర్వకముగా గాని చేసిననే తప్ప, పోయిన దానికి, ఒకరిది ఇంకొకరికి ఇచ్చిన దానికి బాధ్యత లేదని చేతులు దులుపుకొన్నది. ఆ చట్టము రద్దయి, 2023 నాటి కొత్త చట్టము 2024 జూన్ 18 నుండి అమలులోనికి వచ్చినది. ప్రైవేటు కొరియరు వారి కవచము మరొకటి: రసీదు వెనుక చిన్న అక్షరములలోని షరతులు. భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో (1996) జర్మనీకి పంపిన కవరు చేరక సరుకు సీజను దాటిపోయినది. నష్టము లక్షలలో ఉన్నను, పంపినవారు సంతకము చేసిన పత్రములో బాధ్యత నూరు డాలర్లకే పరిమితమని ఉన్నందున, అంతకు మించి ఇప్పించుటకు సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. మనము స్వయముగా కొరియరులో సర్టిఫికెట్లు పంపునప్పుడు ఈ కేసు గుర్తుంచుకొనవలెను.

విద్యార్థులు ఫిర్యాదు వ్రాసి తెచ్చినారు. రెండు పుటలు. ‘దోపిడి’, ‘ద్రోహము’ అను పదములు ఏడెనిమిది పర్యాయములు ఉన్నవి. ఆర్డరు సంఖ్య ఒక్కచోటను లేదు. పారసీకములో ‘ఫర్యాద్’ అనగా ఆక్రందన. పదము పుట్టుక అది యైనను, చదువువాడు జాలిపడుటకు గాక జవాబు ఇచ్చుటకు మనము వ్రాయవలెను. మేము దానిని ఇట్లు కుదించినాము: “ఫలానా సంఖ్య గల ఆర్డరునకు ఫలానా తేదీన రూ.4,860 చెల్లించినాము. సరుకు మాకు అందలేదు. అందినట్లు మీరు చూపుచున్న సంతకము, ఛాయాచిత్రము, అప్పగించిన స్థలము వివరములు పంపగలరు. పంపలేనియెడల సొమ్ము వాపసు చేయగలరు.” దీనికి బ్యాంకు చెల్లింపు వివరము, శుక్రవారము నాటి సందేశపు చిత్రము జతచేసినాము. ఫోనులో మాటాడిన వారితోను, మాటాడిన పిదప ‘మీరు ఇట్లు చెప్పినారు’ అని వ్రాతలో పంపినాము. నోటిమాట గాలికి పోవును.

మరునాటికే ఫిర్యాదు సంఖ్య వచ్చినది. నాలుగవ నాడు ఛాయాచిత్రము, సంతకము వచ్చినవి. చిత్రములో నీలిరంగు షట్టరు, దాని ముందు కాటా, కాటా ప్రక్కన మా పెట్టె. మా కళాశాలకు షట్టరు లేదు, కాటా అంతకన్న లేదు. ఇక సంతకము. వ్రేలితో ఫోను అద్దము మీద గీసినదే యైనను, అది తెలుగు ‘శ్రీ’ అని స్పష్టముగా తెలియుచున్నది. మా చాచా తెలుగు మాటాడును, బోర్డులు కూడబలుకుకొని చదువును. కాని సంతకము ఉర్దూలోనే. పదకొండేండ్ల జీతాల రిజిస్టరులో నెలకొకటి చొప్పున ఆయన సంతకములు కుడి నుండి ఎడమకు సాగుచు ఉన్నవి. ఆ రిజిస్టరు తెచ్చి, విద్యార్థులందరు చూచుచుండగా, ఫోను ప్రక్కన పెట్టినాము. ఎవరును ఏమియు అనలేదు. ఆ సాయంకాలము టీ తెచ్చినది విద్యార్థులు, చాచా కూర్చున్నారు.

ఈ రెండును చూపి మరల వ్రాయగా, తొమ్మిదవ నాడు పూర్తి సొమ్ము వాపసు వచ్చినది. అట్లు రాకుండిన 1915 నంబరుకు, అనగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు, తెలుగులోనే చెప్పుకొనవచ్చును. అదియు ఫలింపనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. విక్రేత ఢిల్లీలో ఉన్నను మనము నివసించు చోటనే దావా వేయవచ్చునన్నది 2019 చట్టము తెచ్చిన గొప్ప మార్పు. ఐదు లక్షల లోపు చెల్లింపునకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, గడువు రెండేండ్లు; 2025 జనవరిలో ప్రారంభమైన ఇ-జాగృతి ద్వారా ఇంటి నుండియే దాఖలు చేయవచ్చును. పోగా, పెట్టెలో వేరొక సరుకు వచ్చినవారు పెట్టె తెరచునప్పుడే ఫోనులో చిత్రీకరించుకొనుట మేలు. అట్టి సరుకును మన ఖర్చుతో తిరిగి పంపవలసిన పని సాధారణముగా లేదు. నిరాకరించితిమని తెలిపిన చాలునని విక్రయ చట్టము 43వ సెక్షను.

కథ ఇక్కడ ముగియలేదు. పండ్రెండవ నాడు ఒక విద్యార్థి ఆ నీలి షట్టరును గుర్తుపట్టినాడు. వాని తండ్రి బెల్లము కమిషన్ దుకాణములో కళాసీ. వెళ్ళి చూడగా మా పెట్టె అట్టపెట్టెల మధ్య, చీమలు పట్టకుండ సంచి కప్పి, భద్రముగా ఉన్నది. యజమాని, “మాస్టారూ, గుమాస్తా సంతకం చేసి పుచ్చుకున్నాడు. మీ పేరైతే ఉంది గాని ఎవరో ఏమో తెలియలేదు. తెరవడానికి మనమెవరం?” అన్నారు. ఇతరుల వస్తువు చేతికి వచ్చి దానిని ఉంచుకొన్నవాడు, అప్పగింతగా పుచ్చుకొన్నవానివలె దానిని కాపాడవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 71వ సెక్షను. ఆ చట్టము ఆ వర్తకుడు చదివి ఉండడు. మన ఇండ్లలో దీనినే అమానత్ అందురు. తెలుగు దస్తావేజులలోను ‘అమానతు’ ఉన్నది.

చిరునామా మా తప్పు. కళాశాల పేరును పొట్టి అక్షరములలో వ్రాసి, ‘మెయిన్ రోడ్డు, అనకాపల్లి, 531001’ అని ఊరకున్నాము. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్ కోడ్ పార్సెల్‌ను పోస్టాఫీసు దాక చేర్చును గాని గడప దాక చేర్చదు. కొండగుర్తు వ్రాయలేదు. కొరియరు పిల్లవాడు ఫోను చేసిన వేళకు మా ఫోను మూయబడి ఉన్నది. అతని వైపు నుండియు చూచితిమా, ఎండలో ఇంకను ఎన్ని పెట్టెలు పంచవలసి ఉండెనో!

ఇప్పుడు పుస్తకములు మా వద్దనే, సొమ్మును మా వద్దనే. “సార్, పన్నెండు రోజులు ఏడిపించినందుకు అది జుర్మానా అనుకుందాం” అన్నాడొకడు. నవ్వినాము. పొరపాటున చెల్లింపబడిన సొమ్మును తిరిగి ఇవ్వవలెనని ఆ కాంట్రాక్టు చట్టమే, 72వ సెక్షనులో, చెప్పుచున్నది. ‘పుస్తకములు దొరికినవి, సొమ్ము ఎట్లు పంపవలెను?’ అని విక్రేతకు వ్రాసినాము. ‘మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది, మాకు ఐదు నక్షత్రములు ఇవ్వగలరు’ అని యంత్రము జవాబిచ్చినది. రెండవ ఉత్తరమునకును అదే జవాబు. సొమ్ము రాబట్టుటకన్న తిరిగి ఇచ్చుటయే కష్టమైనది. మూడవది ఎవరో మనిషి చదివినట్లున్నది. ఆర్డరు పుటలోనే చెల్లింపు మార్గము తెరచినారు. రూ.4,860 పంపి, దాని రసీదును తరగతి గోడకు అంటించినాము.

పుస్తకములు ఇప్పుడు మా బీరువాలో ఉన్నవి. వాటిని స్టాకు రిజిస్టరులో ఎక్కించిన నాడు, పుచ్చుకొన్నవారి గడిలో చాచా ఒక్కొక్క పేరునకు ఎదురుగా ‘వసూల్ పాయా’ అని ఉర్దూలో వ్రాసి, క్రింద తేదీ వేసి, సంతకము చేసినారు. ఒకచోట వ్రాసి తక్కిన వాటికి గీత గీసిన చాలునని మేము చెప్పినను వినక, పదకొండు పుస్తకములకు పదకొండు పర్యాయములు.