కోడ్ అందరిదీ... మరి లాభం ఎవరికి?



కంప్యూటర్ క్లాసులో "ఓపెన్ సోర్స్" అనే మాట విన్న పిల్లలు ఇంటికొచ్చి ఒక ప్రశ్న అడగవచ్చు: "ఆండ్రాయిడ్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చంట కదా నాన్నా, మరి గూగుల్‌కు డబ్బులెట్లా వస్తాయి?" ఇది చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే ఇంట్లోకి ఫోన్ కొనేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా తెలుస్తుంది.

ఓపెన్ సోర్స్ అంటే?

ఫోన్‌ను నడిపించే ప్రధాన సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని తయారుచేయడానికి రాసిన సూచనలే సోర్స్ కోడ్. ఐఫోన్‌లో ఉండే ఐఓఎస్‌తో ఆపిల్ తప్ప వేరే కంపెనీ ఫోన్లు తయారుచేయలేదు. ఆండ్రాయిడ్ అలా కాదు. గూగుల్ 2005లో ఆండ్రాయిడ్ కంపెనీని కొని, 2007 నవంబరు 5న పలు కంపెనీలతో కలిసి ఈ సిస్టమ్‌ను ప్రకటించింది. దీని మూల కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, దానితో ఫోన్లు చేసి అమ్ముకోవచ్చు. దీని పునాది అయిన లైనక్స్ కూడా 1991లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే.

శ్రీసిటీ ఉదాహరణ

షావోమి 2010లో మొదలైన కంపెనీ. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో అది రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోన్‌ను విడుదల చేసింది. ధర 6,999 రూపాయలు. తయారైంది మన రాష్ట్రంలోనే, తడ దగ్గరి శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. ఐదేళ్ల వయసున్న కంపెనీకి ఇది ఎలా సాధ్యమైంది? ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి రాసుకునే ఖర్చు తప్పడం ఒక పెద్ద కారణం. ఆండ్రాయిడ్ మీదే తన మార్పులు చేసుకుంది.

ఫోన్లు, ఇతర వస్తువుల అమ్మకంపై నికర లాభం 5 శాతం దాటనివ్వమని ఇదే కంపెనీ 2018లో ప్రకటించింది. ప్రకటనల వంటి ఇంటర్నెట్ సేవలు దానికి మరో ఆదాయ మార్గం. అంటే ఫోన్ చవకగా ఇచ్చినా, ఆ తర్వాత మనం దాన్ని వాడే కాలమంతా సంపాదన ఉంటుంది.

తెరిచిన తలుపు, తాళం వేసిన గది

కోడ్ ఉచితమే. కానీ ప్లే స్టోర్, మ్యాప్స్, యూట్యూబ్ వంటివి ఓపెన్ సోర్స్ కావు. వాటికి గూగుల్ అనుమతి కావాలి. పులుసు చేసే విధానం ఊరందరికీ చెప్పి, జనం వచ్చే హోటల్ బోర్డు మాత్రం తన దగ్గరే పెట్టుకున్నట్టు! గూగుల్‌కు ప్రధాన ఆదాయం మనం వెతికే మాటల పక్కన, చూసే వీడియోల మధ్యన వచ్చే ప్రకటనల నుంచే.

ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల కట్ట మొత్తాన్నీ ఫోన్‌లో ముందే పెట్టాలన్న షరతును మన కాంపిటీషన్ కమిషన్ తప్పుపట్టింది. 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను సమర్థించింది, కమిషన్ ఆదేశాల్లో కొన్నింటిని మాత్రం కొట్టివేసింది.

కంపెనీ ఆపేసినా కోడ్ మిగిలింది

మొజిల్లా సంస్థ ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో 2014లో మన దేశంలోకి 1,999 రూపాయల ఇంటెక్స్ ఫోన్ వచ్చింది. కావలసిన యాప్‌లు తగినన్ని లేక ఆ సిస్టమ్ నిలబడలేదు. అయినా ఆ కోడ్ వృథా కాలేదు. దాని నుంచే కాయ్ ఓఎస్ పుట్టి, 2017లో జియోఫోన్‌లోకి చేరింది. ఆ ఫోన్‌కు కూడా వాట్సాప్ 2018లో గానీ రాలేదు. పిల్లలకు ఇందులో రెండు పాఠాలున్నాయి: మంచి కోడ్ ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదు, తెరిచి ఉంచిన కోడ్ మాత్రం కంపెనీ తప్పుకున్నా ఇంకొకరికి పనికొస్తుంది.

ఈ ఆదివారం ఇంట్లో చేయించండి

1. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" తెరిచి, సెక్యూరిటీ అప్‌డేట్ చివరిసారి ఎప్పుడు వచ్చిందో పిల్లల చేత రాయించండి. చాలా పాతదైతే ఆ ఫోన్‌లో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది.

2. మీరు వేయకుండానే ఫోన్‌లో వచ్చిన యాప్‌లను లెక్కపెట్టించండి. అక్కరలేనివి తీసేయండి.

3. సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగంలో "యాడ్స్" తెరిచి, అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించండి.

4. కొత్త ఫోన్ కొనేటప్పుడు షాపులో కెమెరా గురించే కాదు, "అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు?" అని కూడా అడగండి.

చివరగా పిల్లలను ఇలా అడిగి చూడండి: "నువ్వొక యాప్ తయారుచేస్తే, దాని కోడ్ అందరికీ ఇస్తావా? ఇస్తే, నీకు డబ్బు ఎట్లా వస్తుంది?" వాళ్లు చెప్పే జవాబును ఓపిగ్గా వినండి. కంప్యూటర్‌తో పాటు వ్యాపారం గురించి కూడా ఆలోచించడం అక్కడే మొదలవుతుంది.