సిలిండరు కట్టుకుంటే ఊపిరి బిగబట్టకూడదు

సైన్సులో పీడనం పాఠం అయిపోయింది కదా. అదే పాఠం సముద్రంలో ఎలా పనిచేస్తుందో ఈసారి రాస్తున్నాను.

విశాఖపట్నం దగ్గర ఋషికొండలో సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో మనుషుల వీపుకి సిలిండరు కట్టి నీళ్ళ అడుక్కి తీసుకెళ్తారు. దీన్ని స్కూబా డైవింగ్ అంటారు. చేపల్ని చూడ్డానికి డబ్బులిచ్చి దిగేవాళ్ళున్నారు, డబ్బుల కోసం దిగేవాళ్ళూ ఉన్నారు. ఓడల అడుగున గుల్లలు అంటుకుంటే గీకడానికి మనుషులు దిగుతారు.

మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, గాజువాక పక్కన ఆటోనగర్‌లో వెల్డింగు షెడ్డులో ఉన్నాడు. అతన్ని ఎవరో ఈ గుల్లలు గీకే పనికి రమ్మంటున్నారు. కూలి ఎక్కువట. "నాకు నేర్పేదేటుంది, గెడ్డలో నాకన్నా ఎక్కువసేపు మునిగేవోడు ఎవడున్నాడు" అన్నాడు. నిజమే, మా ఊళ్ళో లేరు. పెద్దమ్మ మాత్రం "నువ్వు చదువుకుంటున్నావు కదమ్మా, మంచి పనో కాదో చెప్పు" అని నన్నడిగింది. మా ఇంట్లో బడికెళ్ళింది నేనే మొదలు.

మనం అందరం ఆ సిలిండరులో ఆక్సిజన్ ఉంటుందనుకుంటాం. కాదు. మామూలు గాలే, నొక్కి నింపుతారు. అందులో ఆక్సిజన్ 21 వంతులు, నైట్రోజన్ 78 వంతులు. ఆటోనగర్‌లో వెల్డింగుకి వాడే నల్ల సిలిండరులో ఉండేది ఉట్టి ఆక్సిజన్. గ్రీజు చేతులతో దాన్ని ముట్టుకోనివ్వరు, అంటుకుంటుంది. సముద్రంలో 6 మీటర్లు దాటి ఉట్టి ఆక్సిజన్ పీలిస్తే ఫిట్స్ రావచ్చు. 12 లీటర్ల సిలిండరులో 200 రెట్లు నొక్కితే 2400 లీటర్ల గాలి పడుతుంది. అడిగినప్పుడు అడిగినంత గాలి నోటికిచ్చే సాధనాన్ని 1943లో ఫ్రాన్సులో కుస్తో, గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు.

ఇప్పుడు అసలు సంగతి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకి ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల కింద బుడగ సగమౌతుంది, పైకొస్తే మళ్ళీ మొదటంత ఔతుంది. గెడ్డలో అన్నయ్య పైన గాలి పీల్చి మునుగుతాడు, ఛాతీలో గాలి నలుగుతుంది, పైకి రాగానే సరిపోతుంది. దక్షిణ కొరియాలో జెజు దీవి ఆడవాళ్ళు కూడా అంతే, సిలిండరు లేకుండా 10 మీటర్ల దాకా మునిగి నత్తలు ఏరుతారు. ముసలమ్మలు కూడా! 2016లో యునెస్కో వాళ్ళ విద్యని గుర్తించింది. (మన అమ్మమ్మలు కొండెక్కినట్టే అనిపించింది నాకు.)

సిలిండరు ఉన్నవాడి లెక్క వేరు. అతను కిందనే నిండా పీలుస్తాడు. 10 మీటర్ల దగ్గర 6 లీటర్లు పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే అది 12 లీటర్లు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు చిరుగుతాయి. 2 మీటర్ల లోతు నుంచి వచ్చినా జరగొచ్చు. అంటే గెడ్డలో అన్నయ్యని కాపాడే అలవాటే అక్కడ ప్రాణం తీస్తుంది. అందుకే నేర్పాల్సింది ఉంది. ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు.

ఇంకొకటి. పీడనంలో నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. గబుక్కున పైకొస్తే గోలీసోడా కొట్టినట్టు బుడగలౌతుంది. కీళ్ళు నొప్పెడతాయి, కాళ్ళు చేతులు పడిపోవచ్చు కూడా. నిమిషానికి 9 మీటర్లకి మించి రాకూడదు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. పెద్దమ్మకి సోడా సంగతి వెంటనే అర్థమైంది.

పైకొచ్చాక కూడా కొంత నైట్రోజన్ ఒంట్లో మిగులుతుంది. ఎత్తుకి పోతే గాలి పీడనం తగ్గి మళ్ళీ బుడగలు లేస్తాయి. మన కొండలు సుమారు 900 మీటర్ల ఎత్తు. శనివారం పని దిగి రాత్రి బస్సుకి ఊరు వచ్చేస్తానని అన్నయ్య లెక్క. నేను రాసి పంపాను: ఆ పనిలో చేరితే మునిగిన రోజు ఘాట్ ఎక్కకు, ఒక రోజు ఆగి సోమవారం బస్సుకి రా అని.