గింప్: విద్యార్థుల చేతిలో పుట్టిన పనిముట్టు

ఫొటోకు రంగు పెంచడం, మచ్చ తీసివేయడం, పోస్టరు మీద అక్షరాలు కూర్చడం మన విద్యార్థులకు ఒకరు నేర్పనక్కరలేదు. “దేనితో చేశావోయ్?” అని అడిగితే చాలామంది “ఫొటోషాప్” అంటారు. “ఎక్కడ కొన్నావు?” అంటే మాత్రం నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వుకు అర్థం మనకందరికీ తెలిసినదే. ఎవరో తాళం పగలగొట్టిన ప్రతి, ఇంకెవరో పెన్‌డ్రైవులో ఇచ్చారన్నమాట. ఆ నవ్వుతో పని లేని మార్గం ఒకటున్నది. దాని పేరు గింప్.

నిజానికి రెండింటి పుట్టుకా విశ్వవిద్యాలయాలలోనే. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ రాసుకున్న ప్రోగ్రామే ఫొటోషాప్‌కు మూలం. 1990లో అడోబీ కంపెనీ దానిని మార్కెట్టులోకి తెచ్చింది. 2013 నుండి కొత్త కూర్పులను అద్దె పద్ధతిన మాత్రమే ఇస్తున్నది. అద్దె కట్టడం మానితే పనిముట్టు ఆగిపోతుంది.

గింప్ కథ వేరు. 1995లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు డిగ్రీ విద్యార్థులు కంపైలర్ల కోర్సుకు ఇచ్చిన ప్రాజెక్టుతో విసిగి, దానిని పక్కన పెట్టి దీనికి పూనుకున్నారు. (మన లెక్చరర్లు ఈ వాక్యాన్ని చూసీ చూడనట్లు పోవలెనని మనవి!) 1996 జనవరిలో అందరికీ విడుదల చేశారు. మెనూలు, మీటలు గీయడానికి మొదట వాడిన మోటిఫ్ అనే సరంజామా యాజమాన్య హక్కులు గలది. అది నచ్చక మాటిస్ సొంతంగా జీటీకే అనే సరంజామా తయారు చేశాడు. 1997లో మొదలైన గ్నోమ్ డెస్క్‌టాప్ దాని మీదనే నిలబడింది. బావి కోసం తవ్విన మట్టితో ఊరంతా ఇళ్ళు కట్టుకున్నట్లు అయింది!

తర్వాత ఆ యిద్దరూ చదువు ముగించి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. పని కొంతకాలం సన్నగిల్లింది. మామూలుగా ఐతే కథ అక్కడితో సరి. కాని మూల ప్రోగ్రాము అందరి చేతిలోనూ ఉన్నది గనుక వేరేవాళ్ళు అందుకున్నారు. 1998 జూన్‌లో 1.0 కూర్పు, 2004లో 2.0, 2025 మార్చిలో 3.0 వచ్చాయి. ముప్ఫై ఏళ్ళుగా వంతులవారీగా స్వచ్ఛంద సేవకులే నడుపుతున్నారు.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటకు రెండర్థాలుండడం వల్ల వారు ఎంతో వివరించుకోవలసి వస్తుంది. మనకా చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. గూగుల్ వారి పికాసా ఉచితమే, ఎంతోమంది ఇళ్ళలో వాడారు. 2016లో కంపెనీ దానిని ఆపివేసింది. మూల ప్రోగ్రాము బయట లేదు గనుక ఇంకెవరూ కొనసాగించలేకపోయారు. గింప్‌కున్న జీపీఎల్ లైసెన్సు ప్రకారం ఎవరైనా దానిని వాడవచ్చు, విప్పి చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు. మార్చి పంచేవాడు మాత్రం తనకు దొరికిన హక్కులే ఎదుటివాడికీ ఇవ్వాలి. కంప్యూటర్ సైన్సు విద్యార్థికి ఇది డబ్బు ఆదా కంటే పెద్ద సంగతి. మచ్చ తీసే పనిముట్టు వాడడమే కాదు, అది ఏ లెక్కతో తీస్తున్నదో చదువుకోవచ్చు.

ఇక పనిలోకి వద్దాం. యూనియన్ ఆల్బంలో 1980ల నాటి రంగుల గ్రూపు ఫొటో, పసుపు తిరిగి, గీతలు పడి ఉన్నదనుకోండి. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు. అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 3600 × 2400, అనగా 86,40,000 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలు, ప్రతిదీ 0 నుండి 255 లోపు. మొత్తం దాదాపు 2 కోట్ల 60 లక్షల బైట్లు. దాని మీద ఇంకో పొర వేస్తే రెట్టింపు పైమాటే. ఇంట్లోని పాత కంప్యూటరు నీరసపడడానికి కారణం ఇదే.

ఫొటో పసుపు తిరిగిందంటే అంకెలలో నీలం తగ్గిందని అర్థం. లెవెల్స్ పెట్టె తెరిచి నీలం ఛానెల్ ఎంచుకోండి. కొండలాంటి గ్రాఫు కనిపిస్తుంది. కుడి కొసన కొండ లేక మైదానంగా ఉంటుంది. అక్కడున్న తెల్ల త్రికోణాన్ని ఎడమకు, కొండ మొదలయ్యేదాకా జరపండి. పసుపు చాలావరకు విరిగిపోతుంది. ఏ మంత్రమూ లేదు, తగ్గిన అంకెలను సాగదీశాం, అంతే.

గీతలకు హీల్, క్లోన్ అనే రెండు పనిముట్లున్నాయి. క్లోన్ ఒకచోటి చుక్కలను ఉన్నవి ఉన్నట్లు ఇంకోచోట అచ్చు వేస్తుంది. హీల్ ఐతే అచ్చు వేసి, చుట్టుపక్కల రంగుతో కలుపుతుంది. చొక్కా మీద, గోడ మీద హీల్ బాగుంటుంది. ముఖం అంచున అలుక్కుపోతుంది గనుక అక్కడ క్లోనే మేలు. ఈ దిద్దుబాటంతా అసలు ఫొటో మీద కాక, దాని నకలు పొర మీద చేయండి. వెనుక వరుస చివర నిలబడ్డ అటెండరుగారిని తీసేస్తే ఫొటో ఇంకా సమంగా ఉంటుందని ఎవరికైనా తోచవచ్చు. హీల్‌తో అదీ నిమిషంలో అవుతుంది. దయచేసి ఆ పని చేయకండి. గీత ఫొటోకు తగిలిన దెబ్బ, ఆయన ఫొటోలోని మనిషి.

‘సేవ్’ అంటే గింప్ తన సొంత ఎక్స్‌సీఎఫ్ రకం ఫైలునే రాస్తుంది. జేపెగ్ కావాలంటే ‘ఎక్స్‌పోర్ట్’ అనాలి. కొత్తవాళ్ళు దీనిమీద విసుక్కుంటారు గాని పద్ధతి మంచిదే. జేపెగ్ రాసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పొరలన్నీ ఒకటైపోతాయి. ఎక్స్‌సీఎఫ్‌లో అడుగున అసలు ఫొటో చెక్కుచెదరక ఉంటుంది. 3.0 నుండి ఫిల్టర్లు గూడా పొరకు తగిలించి ఉంచి, కావాలన్నప్పుడు తీసేయవచ్చు.

తెలుగు సంగతి. పాత డీటీపీ ఫాంట్లలో మన అక్షరం ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చేవారు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ‘స్త్రీ’ కాస్తా అర్థంలేని గుర్తుల వరుస అయ్యేది. గింప్ యూనికోడ్ వాడుతుంది. వత్తు ఎక్కడ, గుడి ఎక్కడ అనే కూర్పు పాంగో అనే స్వేచ్ఛా లైబ్రరీ చూసుకుంటుంది. పోతన, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

లోపం చెప్పకపోతే న్యాయం కాదు. తెర మీద రంగులు మూడు, ప్రెస్సులో సిరాలు నాలుగు. ఆ నాలుగు సిరాల పద్ధతిలోనే నేరుగా బొమ్మ దిద్దే సౌకర్యం గింప్ 3.0లో లేదు. తెరమీది నీలం కాగితం మీద కొంత మందగించి రావచ్చు. బొమ్మ గీయవలసివస్తే, నాలుగు సిరాలు తెలిసిన క్రీటా ఉన్నది, అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. సావనీరు పేజీలకైతే ఫొటోను గింప్‌లో దిద్ది, టిఫ్ రకంలో ఎక్స్‌పోర్ట్ చేసి, స్క్రైబస్‌లో పేజీ కూర్చి పీడీఎఫ్ చేసుకోవచ్చు. ప్రెస్సువారికి ఆ పీడీఎఫ్ ఇచ్చి, ముందుగా ఒక్క రంగుల ప్రూఫ్ అడగండి. ఎక్స్‌సీఎఫ్ ప్రతి మాత్రం యూనియన్ ఆల్బంతోపాటు లైబ్రరీలో ఉండాలి.