ఇరుగుపొరుగు మాట: కిరాయి ఇంటి అన్వేషణపై ఒక పరిశీలన

కూడు, గుడ్డ, గూడు అని మన పెద్దలు మనిషి అవసరాలను మూడుగా లెక్కించారు. మొదటి రెండింటిని డబ్బిచ్చి అంగడిలో కొనవచ్చును. మూడవది, అందునా పరాయి ఊరిలో కిరాయికి కావలసినప్పుడు, డబ్బు ఒక్కదానితో దొరకదు. దానికి మరొకరి మాట తోడు కావాలి. ఆ మాట ఎవరిది, దాని విలువ ఎంత అన్నది ఈ వ్యాసంలో పరిశీలింపదలచిన విషయం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలలో ముగ్గురు నలుగురు విద్యార్థులు కలిసి ఒక ఇల్లు తీసుకొని చదువుకొనడం చిరకాలంగా ఉన్నదే. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడినవి. 2016లో మహబూబ్‌నగర్‌కు, 2019లో నల్లగొండకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. ఇంటి అవసరమూ అదే పాళ్ళలో పెరిగింది. కొడుకు పెండ్లి అనో, మరమ్మతు అనో ఇంటి యజమాని ఖాళీ చేయుమన్న నాడు, ఈ పిల్లలు మొదట తొక్కే గడప పొరుగింటిదే.

పదాల ముచ్చట

మనం ‘కిరాయి’ అంటాము. కోస్తా వారు ‘అద్దె’ అంటారు. రాయలసీమలో వినవచ్చే ‘బాడుగ’ కన్నడ ‘బాడిగె’కు చుట్టం. కిరాయి, ఖాళీ అరబ్బీ పదాలు. రసీదు పారశీక పదం. ‘మొహల్లా’ అన్న మాటకు మూలమైన అరబ్బీ ధాతువుకు దిగుట, విడియుట అని అర్థం. ఇల్లు వెదకే తెలుగు విద్యార్థి తనకు తెలియకుండానే మూడు నాలుగు భాషలు మాట్లాడుతున్నాడన్నమాట.

ఉర్దూలో పొరుగువానికి ‘హమ్‌సాయా’ అని పేరు. ‘హమ్’ అనగా ఒకే, ‘సాయా’ అనగా నీడ. ఒకే నీడను పంచుకొనేవాడు అని భావం. తెలుగులో ‘ఇరుగు’ అన్న మాట ఒంటరిగా అరుదుగా వినిపిస్తుంది. ‘పొరుగు’తో జత కూడినప్పుడే నిలుస్తుంది. ఇంటికన్న ముందు పొరుగును చూచుకొమ్మని అరబ్బీ సామెత. ఈ మూడింటి సారాంశం ఒక్కటే.

అడిగే తీరు

“పెద్దమ్మా, ఈ గల్లీల ఇల్లేమన్న ఖాళీ ఉన్నదా?” అని ఒకరు అడుగుతారు. “ఖాలా, ఇధర్ కోయీ మకాన్ ఖాలీ హై క్యా?” అని వేరొకరు అడుగుతారు. రెండు వాక్యాలూ వరుసతోనే మొదలగుట గమనింపదగినది. చుట్టరికం ముందు, అవసరం తరువాత. ‘మాకు ఇల్లు కావాలి, ఇప్పించండి’ అన్న అర్థింపు వాటిలో లేదు; ప్రశ్న ఇంటిని గూర్చి మాత్రమే. ‘లేదు బిడ్డా’ అనుటకు ఎదుటివారికి సంకోచం కలుగదు. అడిగినవారి మర్యాదకూ లోటు రాదు.

తరువాత ప్రశ్నలు అటునుండి వస్తాయి. ఏ ఊరు? ఎంతమంది? వంట చేసుకుంటరా? ఇప్పుడున్న ఇల్లు ఎందుకు విడుస్తున్నరు? చివరి ప్రశ్నకు ఉన్నది ఉన్నట్లు చెప్పుట మంచిది. ఒక గల్లీ వార్త మరొక గల్లీకి చేరుటకు ఒక పూట చాలును.

పొరుగువారిని మనం అడుగవలసిన మొదటి ప్రశ్న నీటిని గూర్చి. ఇది మెట్ట ప్రాంతం. నల్లగొండ పేరు ఫ్లోరైడ్ బాధతో ముడిపడి ఎంతగా వ్యాపించినదంటే, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే నిలిచింది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నల్లా నీరు వచ్చినది గాని, అది ఏ వేళకు వస్తుంది, పై అంతస్తుకు ఎక్కుతుందా, బోరు నీరు తాగదగినదా అన్న సంగతులు యజమాని కన్న పక్కింటి పెద్దమ్మ నిజంగా చెప్పగలదు.

మాట, హామీ

టు-లెట్ పలకలు, దళారులు, సెల్‌ఫోన్ ప్రకటనలు ఇల్లు ఎక్కడ ఉన్నదో చెప్పగలవు. వచ్చేవారు ఎటువంటివారో చెప్పలేవు. ‘ఈ పిల్లలు మంచోళ్ళు, మా కండ్ల ముందే రెండేండ్లు ఉన్నరు’ అన్న పొరుగింటి మాట ఆ లోటు పూరిస్తుంది. దానినే మనం ‘హామీ’ అంటున్నాము. అరబ్బీలో ఆ పదానికి రక్షకుడు అని అర్థం. హామీ ఇచ్చినవారు తమ పరువును మనకు అరువిచ్చినట్లే.

ఆ మాట కరవైన చోట ఏమి జరుగునో అందరికీ తెలిసినదే. ‘మీరెవరు?’ అన్న ప్రశ్నకు చాలాచోట్ల కులమే జవాబు కావాలి. పెండ్లికానివారికి లేదని ఒక గేటు, మాంసాహారులకు లేదని మరొక గేటు చెప్పుతుంది. పేరు వినగానే ‘నిన్ననే ఇచ్చేసినం’ అనేవారూ కలరు. ముస్లింలకు ఇండ్లు కిరాయికి దొరకుటలో కలిగే ఇబ్బంది 2006 నాటి సచార్ కమిటీ నివేదికకు కూడా ఎక్కినది.

ఇది నేటి సమస్య మాత్రమే కాదు. జిల్లాలనుండి హైదరాబాదుకు చదువుకై వెళ్ళిన పిల్లలకు వసతి లేని రోజులలో, 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి రెడ్డి హాస్టలును నెలకొల్పారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి దాని కార్యదర్శిగా పనిచేశారు. కులాల పేర వెలసిన ఇటువంటి వసతి గృహాల వలన ఎందరో విద్యావంతులైనారు. అయితే అక్కడ ఆశ్రయానికి మూలం పుట్టుక. పొరుగువారి మాటకు మూలం పరిచయం. పుట్టుకను మార్చుకొనలేము, పరిచయాన్ని మన నడవడితో సంపాదించుకొనవచ్చును.

మాటకు హద్దు

మాట ఇల్లు చూపుతుంది. కాగితం ఇంట్లో నిలుపుతుంది. అడ్వాన్సుకు, నెలనెలా కిరాయికి రసీదు తీసుకొనవలెను. ఏడాదికి మించిన కిరాయి ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలల కాగితాలు వాడుకలోకి వచ్చినది ఇందువలననే. వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నివాస గృహాల కిరాయిని నెలవారీదిగా ఎంచుతుంది. దానిని ముగించుటకు ఏ పక్షమైనా పదిహేను రోజుల ముందు లిఖితపూర్వకంగా తెలుపవలెను. ‘రేపే ఖాళీ చేయండి’ అన్న మాటకు బెదరనవసరం లేదు. చెప్పకుండా తాళం వేసి వెళ్ళే హక్కు మనకూ లేదు.

విద్యార్థులారా! మీరు ఖాళీ చేసే ఇంటిని శుభ్రంగా అప్పగించండి. కరెంటు బిల్లు కట్టి వెళ్ళండి. మీ వెనుక వచ్చే పిల్లలు ఏ ఊరివారైనా, ఏ మతంవారైనా, ఆ యజమాని మిమ్మల్ని తలచుకొనే తలుపు తెరుస్తాడు, లేదా మూస్తాడు. రేపు మీకు సొంత ఇల్లు అమరినప్పుడు మీ గడపలోనూ ఎవరో నిలిచి ‘ఇల్లేమన్న ఖాళీ ఉన్నదా?’ అని అడుగుతారు. వారి పేరు అడుగుటకు ముందు, కూర్చోమని చెప్పి మంచినీళ్ళివ్వండి.