తోడ్పాటును గుఱించి

అంతరాత్మ యాదేశమును శిరసావహించువాఁడు ఒరుల సహాయమున కెదురుచూడరాదని మనలోఁ గొందఱు తలంతురు. అర్థించుట దైన్యమనియు, ఒంటిగా నిలుచుటయే శౌర్యమనియు వారి మతము. ఇందు సగము సత్యము లేకపోలేదు. సత్యమని తోఁచిన దానిని విశ్వసించుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. కాని విశ్వసించిన దానిని నలుగురి నడుమ నాచరణమునఁ బెట్టుట యొక్కనిచేతఁ గాదు. ఈ రెంటిని ఒక్కటిగా నెంచుటచేతనే సత్సంకల్పులగు పెద్దమనుష్యులు పలువురు ఏమియుఁ జేయక కాలము గడపుచుందురు.

మన సమాజ చరిత్రమునే చూడుఁడు. రాజా రామమోహనరాయలవారు 1828వ సంవత్సరమునఁ గలకత్తాలో బ్రహ్మసమాజమును స్థాపించి, 1830లో ఇంగ్లండునకుఁ బయనమైరి. 1833లో బ్రిస్టలు నగరమున దివంగతులైరి. పిమ్మట ఏండ్ల తరబడి ఆ మందిరమున ఉపాసన నిలిచిపోకుండఁ గాపాడినవారు రామచంద్ర విద్యావాగీశులు. వచ్చువారు కొలఁదిమందియే యైనను, ద్వారకానాథ ఠాకూరుగారి ధనము తోడుగా ఆయన వారమువారము తన విధిని నెఱవేర్చుచువచ్చిరి. 1843లో దేవేంద్రనాథులు దీక్ష గైకొన్నది ఆయనవద్దనే. రాయలవారి పేరు స్మరించువారిలో నూటికొక్కరైనను విద్యావాగీశుల పేరెఱుఁగుదురో లేదో!

మన యాంధ్రదేశమున దీనికంటెను దగ్గఱి దృష్టాంతము కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరపించిరి. అట్టి వివాహమును శాసనము 1856లోనే యనుమతించియుండెను. కాని శాసనము వధూవరులను పీటలపైఁ గూర్చుండఁబెట్టునా? కన్నవారిని సమ్మతింపఁజేసి పిల్లను దెచ్చువారు కావలెను, మంత్రము చెప్పు పురోహితుఁడు కావలెను, వండువారు కావలెను, వండిన దానిని పంక్తిలోఁ గూర్చుండి భుజించువారు కావలెను. ఈ కడపటివారు దొరకుటయే యన్నిటికంటెఁ గష్టము.

కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చి యాదుకొనిరి. పంతులుగారి శిష్యులు పడుచువాండ్రు వెన్నంటి నిలిచిరి. నీళ్లు మోయువారును, వంటవారును ఆ యింటి గడప త్రొక్కమనఁగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి వంట చేసిరి. అంతకు రెండేండ్ల క్రిందట, అనఁగా 1879లో, పంతులుగారు ఈ విషయమై యుపన్యసించినప్పుడు ఆలకించిన సభ్యులు పెక్కుమంది. వెలి యను మాట వినఁబడఁగానే వారిలో నెందఱో వెనుదీసిరి. వివాహమునకు వచ్చిన వారిలోనే కొందఱు పిదపఁ బ్రాయశ్చిత్తము చేసికొని కులమునఁ గలసిరి.

వారిని నిందించుట సులభము. నేనంతటి సాహసము చేయను. పెండ్లికెదిగిన కూఁతురు గలవానికిని, తండ్రి యాబ్దికమునకు బ్రాహ్మణుఁడు దొరకనివానికిని వెలి యనునది వట్టి మాట కాదు. తోడు కోరువాఁడు ఎవని కేది సాధ్యమో ముందుగా నడిగి తెలిసికొనవలెను. పంక్తికి రాలేనివాఁడు పది రూపాయ లీయవచ్చును. రూపాయి లేని విద్యార్థి రాత్రి కావలి యుండవచ్చును. ఇచ్చిన దానిని సంతోషముతోఁ గైకొని, ఈయలేని దానిని అడుగకుండుటయే న్యాయము. అందఱును సమ్మతించువఱకు పని మొదలుపెట్టనని కూర్చుండువాఁడు మాత్రము తోడు కోరుటలేదు; తప్పించుకొనుటకు మార్గము వెదకుచున్నాఁడు.

మఱొక మాట. సభలో లేచి ప్రతిజ్ఞ చేయు గృహస్థులలో, ఆ ప్రతిజ్ఞను గుఱించి ముందు తమ యిల్లాలితో మాటాడినవారెందఱు? సంస్కారభారము మొదట పడునది పొయ్యికడ. ఇరుగుపొరుగువారు పలుకకుండుట మొదట తెలియునది నీళ్లరేవున. రాజ్యలక్ష్మమ్మగారు సమ్మతింపకున్నచో పంతులుగారి వాగ్ధాటియు, రామకృష్ణయ్యగారి ధనమును కలిసియు ఆ డిసెంబరు నెలలో ఒక్క విస్తరినైనను వేయఁజాలకపోయెడివి. ఆమె 1910లో గతించువఱకు ఆ యింట నాశ్రయము పొందిన వితంతువు లామెను దల్లిగా నెంచిరి.

సంతానము లేని యా దంపతుల యాస్తిని పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి దానికి ధారవోసిరి. తమ తరువాత ఆ పనిని నడపవలసినవారు ఒరులే యని వారెఱుఁగుదురు.