స్వయంపాకమా? భోజనశాలా?

ఉన్నత విద్యకై బ్రిటన్ వెళ్లదలచిన మన విద్యార్థి, విశ్వవిద్యాలయంలో ప్రవేశం లభించగానే వసతి కోసం మరొక దరఖాస్తు పూరించవలసి ఉంటుంది. వండిపెట్టే వసతిగృహం కావాలా, స్వయంగా వండుకొనే వసతిగృహం కావాలా అన్న ప్రశ్న చాలాచోట్ల అందులో ఎదురవుతుంది. కంటితో చూడని గదిని గురించి, రుచి ఎరుగని భోజనాన్ని గురించి ఇంటివద్ద కూర్చుని తీసుకోవలసిన నిర్ణయమిది. ఒప్పందంపై సంతకం చేసిన పిమ్మట మార్చుకోవడం సులభం కాదు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండను చేరిన గాంధీజీకి అప్పటికి పంతొమ్మిదేళ్లు నిండీ నిండలేదు. మద్యమాంసాలు ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్లిన ఆయన వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట భోజన వసతితో కుదురుకున్నారు. వడ్డించినదానికి మించి అడగడానికి ఆయనకు సిగ్గు. ఆ ఇంటి ఆడపిల్లలిద్దరూ మరొకటి రెండు రొట్టె ముక్కలు వడ్డించేవారు కాని, ఆయన ఆకలికి రొట్టె మొత్తం కావలసి ఉండేది. వడ్డించిన బల్ల ముందే ఆయన పస్తున్నారన్నమాట.

కొంతకాలానికి ఖర్చు తగ్గించుకోదలచి, గాంధీజీ ఒక్క గది తీసుకొని పొయ్యి కొన్నారు. ఉదయం జావ కాచుకొని, కోకోకు నీళ్లు మరిగించుకోవడానికి ఇరవై నిమిషాలు చాలేవి. మధ్యాహ్నం బయట తిని, రాత్రి గదిలోనే రొట్టె, కోకోతో సరిపెట్టుకొనేవారు. రోజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో భోజనం గడిచిపోయేదని ఆత్మకథలో తెలియజేశారు.

నేటి వండిపెట్టే వసతిగృహాల్లో శాకాహారం దొరకకపోదు. సాధారణంగా ఉదయపు ఫలాహారం, రాత్రి భోజనం ఇస్తారు. అయితే రుసుము ముందుగానే నిర్ణయమవుతుంది, తినని పూటకు సొమ్ము తిరిగిరాదు. నెలాఖరున మెస్సు ఖర్చును తలకింత అని పంచుకోవడానికి అలవాటుపడిన మనవారికి ఇది వింతగా తోస్తుంది. రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకే ముగియడం మరొక వింత. క్రిస్మస్, ఈస్టర్ సెలవుల్లో చాలాచోట్ల భోజనశాలను మూసివేస్తారు. స్థానిక విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోతారు. మన విద్యార్థి ఎక్కడికి పోగలడు?

స్వయంపాకానికి వేరే ఇబ్బందులున్నాయి. ఐదారుగురికి, ఒక్కొక్కచోట ఎనిమిదిమందికి, ఒకే వంటగది. పొయ్యి, ఫ్రిజ్ వారిస్తారు. గిన్నెలు, గరిటెలు మనవే. ఫ్రిజ్‌లో మన వంతుకు ఒక అర మాత్రమే దక్కుతుంది. ఎంగిలి గిన్నెలు కడగకుండా వదిలే సహవాసి ఒకడైనా తప్పడు. పోపు పెట్టేటప్పుడు వంటగది తలుపు మూసి ఉంచడం మరవరాదు. పొగ నడవలోకి పోతే ప్రమాద ఘంట మోగుతుంది, భవనంలోని వారందరూ చలిలో బయట నిలబడవలసి వస్తుంది. మన ఇంగువ వారికి పరిచయమయ్యే తొలి సందర్భం ఇటువంటిది కారాదు.

అయినప్పటికీ ఒక ఏడాదిలో ముగిసే స్నాతకోత్తర విద్యకు వెళ్లేవారికి స్వయంపాకమే మేలని నా అభిప్రాయం. సెలవుల్లోనూ పొయ్యి వెలుగుతుంది, ఖర్చు మన చేతిలో ఉంటుంది. పప్పు, చారు, ఒక వేపుడు, పులిహోర ఇంట్లోనే నేర్చుకొని బయలుదేరితే చాలు. వంట రాదన్న భయంతో మాత్రమే భోజనశాలను కోరుకోవడం తగదు.

కాని వంటకన్నా ఒంటరితనానికి వెరచేవారి సంగతి వేరు. వండుకున్నది గదిలోకి తెచ్చుకొని తలుపు మూసుకొని తినే స్వభావం ఉన్నవారికి, ముఖ్యంగా డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరేవారికి, పదిమందితో కలిసి కూర్చొనే భోజనపు బల్ల అధిక రుసుముకు తగినదే. వారు గాంధీజీ పడిన సిగ్గును మాత్రం విడిచిపెట్టి, కావలసినది అడిగి వడ్డించుకోవాలి.

అభ్యాసం

1. భోజన వసతి ఉన్న ఇంట్లో గాంధీజీ ఎందుకు అర్ధాకలితో ఉండవలసి వచ్చింది?
2. ఈ రెండు వసతుల్లో మీరు దేనిని ఎంచుకుంటారు? మీ స్వభావాన్ని బట్టి కారణాలు రాయండి.