పొగ మానాలనుకునే మా పిల్లలకు

1. షిఫ్టు దిగి గేటు దాటగానే చాయ్, ఆ చాయ్‌తోపాటే సిగరెట్. మేడ్చల్ పారిశ్రామికవాడలో బతుకంతా పనిచేసినవాణ్ణి, ఆ జత ఎంత గట్టిదో నాకు తెలుసు. అందుకే మొదట చాయ్ మాట. చాయ్, కాఫీ, సోడా తాగిన వెంటనే, పొగ మానడానికి నమిలే నికోటిన్ గమ్ వేసుకుంటే అది ఒంటికి సరిగ్గా పట్టదు. పావుగంట ఆగాలె.

2. గమ్ పనిచేయలేదన్న వాళ్లలో చాలామందికి దాన్ని నమిలే తీరు ఎవరూ చెప్పలేదు. గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట. మెల్లగా నమలండి. నోరు చురుక్కుమనగానే బుగ్గకూ చిగుళ్లకూ నడుమ పెట్టి ఆపండి. చురుకు తగ్గాక మళ్లీ నమలండి. ఇట్లా అరగంట. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. నిద్ర లేచిన అరగంటలోపే వెలిగించేవాళ్లకు అది చాలకపోవచ్చు. 4 మిల్లీగ్రాములది కావాలంటే డాక్టరు దగ్గరికి పోవాలె.

3. శామీర్‌పేట దిక్కు జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో చేసే పిల్లలు అడుగుతారు: "పెదనాయనా, ఇంగ్లండ్‌లో సర్కారే వేప్ ఇస్తదట గదా?" నిజమే. వేప్ అంటే ఈ-సిగరెట్. 2019లో అచ్చయిన అక్కడి పరిశోధనలో 886 మందిని రెండు జట్లు చేశారు. ఏడాది తర్వాత సిగరెట్ మానేసి ఉన్నవాళ్లు వేప్ జట్టులో 18 శాతం, నికోటిన్ గమ్, ఒంటికి అంటించే ప్యాచ్‌ల జట్టులో 9.9 శాతం. గమ్ మంచిదని చెప్పడానికి ఈ లెక్క దాచను. కానీ వేప్ జట్టులో మానినవాళ్లలో 80 శాతం మంది అప్పటికీ వేప్ పీలుస్తూనే ఉన్నారు. రెండో జట్టులో గమ్మో ప్యాచో ఇంకా వాడుతున్నది 9 శాతమే. నా మనసు ఆ రెండో లెక్క దగ్గరే ఆగుతుంది.

4. మన దేశంలో 2019 నుంచి వేప్ అమ్మకం నేరం. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. చాటుగా కొన్న దాంట్లో ఏం పోశారో, నికోటిన్ ఎంతుందో చెప్పే దిక్కు లేదు. ఇంగ్లండ్ పరిశోధనలో నికోటిన్ ఎంతుందో తెలిసినదే ఇచ్చారు, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడారు. ఇక్కడ ఆ ఫలితం ఆశించడం మిమ్మల్ని మీరు ఆపదలో పెట్టుకోవడమే.

5. గమ్ నమిలే ఈ తీరు బీడీ తాగేవాళ్లకూ వర్తిస్తుంది.

6. ఒక్కరే కష్టపడకండి. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు గమ్ మొదలుపెట్టే ముందే డాక్టరును అడగండి. మిగతావాళ్లు మూడు నెలల్లో మెల్లమెల్లగా తగ్గిస్తూ దాన్నీ వదలండి.